వినుటకు నేర్చుకొనిన బోధకుడు: జాన్ కర్వెన్ జీవితము

సంగీతజ్ఞానము పుట్టుకతో రావలసినదే గాని నేర్చుకొనుటవలన వచ్చునది కాదని మనలో అనేకులు తలంచుదురు. ఆరాధనలో కీర్తన ఎత్తుకొనుమనగానే తమకు గొంతు లేదనియు, చెవి లేదనియు చెప్పి వెనుకకు తగ్గువారు ప్రతి సంఘములోను కలరు. అట్టివారు తప్పక తెలిసికొనదగిన జీవితము జాన్ కర్వెన్‌ది. ఆయన సంగీత విద్వాంసుడు కాడు, సంఘకాపరి. యౌవనమున ఒక సులభమైన కీర్తన వరుసనైనను ధైర్యముగా ఎత్తుకొనలేకపోయిన వాడు. అట్టివాడు లక్షలాది సామాన్యజనులకు స్వరములను విని గుర్తుపట్టుట నేర్పు పద్ధతిని రూపొందించెను. నేటి సంగీత కళాశాలలలో విద్యార్థుల చెవికి ఇచ్చు శిక్షణలో ఆ పద్ధతి ఇంకను సజీవముగా నున్నది.

బాల్యము, విద్య

కర్వెన్ 1816వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఇంగ్లండు దేశమందలి యార్క్‌షైర్‌లో హెక్‌మండ్‌వైక్ అను ఊర జన్మించెను. తండ్రి స్పెడింగ్ కర్వెన్ కాంగ్రిగేషనల్ సంఘ బోధకుడు. ప్రభుత్వ సంఘములో చేరని ఇట్టి స్వతంత్ర సంఘములవారికి ఆ దినములలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయములు పట్టములిచ్చెడివి కావు. అందుచేత వారు తమ బోధకులను తమ స్వంత కళాశాలలలో తరిఫీదు చేసికొనుచుండిరి. కర్వెన్ అట్టి విమండ్లీ కళాశాలలో చేరి, పిమ్మట లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివి, 1838లో బేసింగ్‌స్టోక్ పట్టణపు సంఘమునకు సహాయ బోధకుడుగా వెళ్లెను. 1841లో స్టోమార్కెట్‌కును, 1844లో లండనుకు తూర్పుననున్న ప్లేస్టో అను ఊరికిని మారెను. ప్లేస్టో సంఘమే ఆయనకు చిరకాల సేవాస్థలమాయెను.

ఆయన హృదయము మొదటినుండియు పిల్లల యొద్దనే యుండెను. స్విట్జర్లాండు దేశపు విద్యావేత్త పెస్టలోజీ బోధించిన సూత్రములు ఆయనను బలముగా ఆకర్షించెను. పిల్లలకు ముందుగా వస్తువును చూపి, పిమ్మట దాని పేరును, ఆ తరువాతనే దాని గుర్తును నేర్పవలెననునది ఆ సూత్రములలో ముఖ్యమైనది. కర్వెన్ చదువు చెప్పుటలో ఈ క్రమమును పాటించి పిల్లల ఉపాధ్యాయుడుగా మంచి పేరు పొందెను. అయితే ఒక్క విషయములో మాత్రము ఆయన నిస్సహాయుడుగా నుండెను. అది పాట.

చెవి పలుకని దినములు

సండే స్కూలు పిల్లలు చక్కగా పాడవలెనని ఆయన కోరిక. కాని పాడించవలసిన వానికే పాట రాదు. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు ఎంత దూరము ఎక్కవలెనో, ఎంత దిగవలెనో ఆయన చెవికి తెలియకుండెను. అయిదు గీతలమీద వ్రాసిన స్వరలిపిని నేర్చుకొన ప్రయత్నించెను. గుర్తుల పేర్లు తెలిసెను గాని, ఆ గుర్తును చూచినప్పుడు నాదము మనస్సులో మ్రోగలేదు. అక్షరములు వచ్చియు అర్థము రాని భాషవలె అది ఆయనకుండెను.

ఆ దినములలో ఇంగ్లండులో పాటను జనసామాన్యమునకు నేర్పవలెనను ఉద్యమము ప్రబలముగా నుండెను. 1841లో జాన్ హల్లా అను సంగీతోపాధ్యాయుడు లండనులోని ఎగ్జిటర్ హాలులో పెద్ద తరగతులను ప్రారంభించెను. ఆయన అవలంబించినది ఫ్రాన్సునుండి వచ్చిన పద్ధతి. దాని ప్రకారము డో అను పేరు ఒకే ఎత్తుగల నాదమునకు ఎప్పటికిని స్థిరము. తొలి పాఠములు సాఫీగా సాగెడివి. ఆధారశ్రుతి మారిన పాట వచ్చినప్పుడు మాత్రము విద్యార్థులు తికమకపడి, చెవి చెప్పునది ఒకటి, నోరు పలుకునది మరియొకటియై, అనేకులు మానివేయుచుండిరి.

అదే 1841లో హల్ నగరమున సండే స్కూలు ఉపాధ్యాయుల సభ జరిగెను. ఆరాధనలో పాట ఎంత హీనస్థితిలో నున్నదో అక్కడ చర్చించి, బడులలోను సంఘములలోను పాట నేర్పుటకు మిక్కిలి సులభమైన మార్గమును వెదకి తెలుపు బాధ్యతను ఆ సభవారు కర్వెన్‌కు అప్పగించిరి. పాడలేని వానికి ఈ పని అప్పగించుట వింతగా తోచవచ్చును. కాని పడిలేచినవానికే దారిలోని రాళ్లు తెలియును.

నార్విచ్ పట్టణపు ఉపాధ్యాయిని

ఆ కాలముననే సారా ఆన్ గ్లోవర్ అను స్త్రీ వ్రాసి 1835లో ప్రచురించిన చిన్న పుస్తకము ఆయన చేతికి వచ్చెను. ఆమె నార్విచ్ పట్టణమున 1786లో జన్మించిన పాదిరి కుమార్తె. సంఘమంతయు కలిసి పాడవలెనను ఆశతో ఆమె బీద బాలికలకు పాట నేర్పుచు, అనేక సంవత్సరముల అనుభవముమీద ఒక పద్ధతిని కనుగొనెను. ఆమె స్వరముల పేర్లను ఇంగ్లీషు పలుకుబడికి అనుకూలముగా మార్చి, వాటి మొదటి అక్షరములనే లిపిగా వాడెను. సో, సీ అను రెండు పేర్లకు మొదటి అక్షరమొకటే యగుటచేత సీ అనుదానిని టీ అని మార్చెను. స్వరములను నిచ్చెన మెట్లవలె నిలువుగా వ్రాసి గోడకు వ్రేలాడదీసి, కర్రతో చూపుచు పాడించెను. మిక్కిలి ముఖ్యమైనదేమనగా, ఆమె పద్ధతిలో డో ఒక ఎత్తునకు కట్టుబడి యుండలేదు. పాటకు ఏది ఆధారస్వరమో అదే డో.

ఈ సంగతి మన తెలుగువారికి వివరించి చెప్పనక్కరలేదు. మన సంగీతములో షడ్జమము గాయకుని కంఠమునకు అనుకూలమైన శ్రుతిలో నుండును. పురుషుని షడ్జమము వేరు, స్త్రీ షడ్జమము వేరు. అయినను గాంధారము గాంధారమే, పంచమము పంచమమే. స్వరమునకు పేరు ఆధారముతో దానికిగల సంబంధమునుబట్టి వచ్చును. మన దేశములో సంగీతపు తొలి పాఠముననే పిల్లలకు తెలియు ఈ సత్యమును గ్లోవర్ తన దేశపు బీద పిల్లల మధ్య కూర్చుండి తనంతట తాను కనుగొనెను.

కర్వెన్ ఆమె పుస్తకము ననుసరించి తనమీద తానే ప్రయోగము చేసికొనెను. కొలది వారములలోనే ఎవరి సహాయము లేకుండ ఒక కీర్తన రాగమును చూచి పాడగలిగెను. అంతవరకు తన చెవి చెడినదని తలంచిన మనుష్యుడు, అది చెడలేదనియు, దానికి ఎవరును దారి చూపలేదనియు గ్రహించెను. బాలుడైన సమూయేలు పిలుపు విని మూడు మారులు ఏలీ యొద్దకు పరుగెత్తిన వృత్తాంతము మనకు తెలిసినదే. అతని చెవికి శబ్దము వినబడెను గాని ఆ స్వరము ఎవరిదో గుర్తుపట్టుట రాలేదు. ఏలీ నేర్పిన పిమ్మటనే అతడు గుర్తుపట్టెను. వినుట వేరు, విని గుర్తుపట్టుట వేరు. మొదటిది సృష్టికర్త ఇచ్చినది. రెండవది బోధకుడు నేర్పవలసినది.

చెవికి దారి చూపిన విధము

కర్వెన్ 1842లో ఒక క్రైస్తవ పత్రికలో పాటను గూర్చి పాఠములు వ్రాసి, 1843లో వాటిని పుస్తకముగా ప్రచురించెను. అప్పటినుండి దాదాపు నలువది సంవత్సరములు దిద్దుచు, చేర్చుచు, తీసివేయుచు ఆ పద్ధతిని పెంచెను. దీనికి టానిక్ సోల్ఫా అని పేరు. 1858లో వెలువడిన ఆయన క్రమపాఠముల గ్రంథము ఉపాధ్యాయులకు ముఖ్య సాధనమాయెను. ఫ్రెంచివారు లయను నేర్పుటకు వాడు పలుకులు ఉపయోగకరముగా కనబడగా వాటినికూడ స్వీకరించెను. మంచిది ఎచ్చట దొరికినను దానిని తీసికొనుట ఆయన స్వభావము.

ఆ పద్ధతిలో స్వరములను ఒకదాని వెంట ఒకటిగా మెట్లెక్కించి నేర్పరు. మొట్టమొదట డో, మీ, సో అను మూటిని మాత్రమే నేర్పుదురు. మన శంకరాభరణ రాగములోని షడ్జమ, గాంధార, పంచమములతో వాటిని పోల్చవచ్చును. ఇవి ఇంటికి స్తంభములవంటివి. ఇవి చెవిలో స్థిరపడిన తరువాత టీ, రే అనువాటిని, ఆ తరువాత ఫా, లా అనువాటిని చేర్చుదురు. ఉపాధ్యాయుడు మొదట పాడును, విద్యార్థి విని మరల పాడును. నాదము చెవికి పరిచయమైన తరువాతనే దాని పేరు చెప్పబడును. అటుపిమ్మట గోడమీది పటము, చివరకు వ్రాత. వస్తువు ముందు, గుర్తు వెనుక అను పెస్టలోజీ సూత్రము ఇక్కడ సంగీతమునకు అన్వయింపబడినది.

ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క గుణము కలదని కర్వెన్ బోధించెను. డో స్థిరమైనది, బలమైనది. రే మేల్కొల్పునది. మీ శాంతమైనది. ఫా గంభీరమై కొంత దిగులు పుట్టించునది. సో ప్రకాశమానమైనది. లా దుఃఖము సూచించునది. టీ తీక్ష్ణమైనది, పైనున్న డో వైపునకు మనస్సును లాగునది. నిదానముగా పాడినప్పుడు ఈ గుణములు స్పష్టముగా తెలియునని ఆయన చెప్పెను. మనుష్యులను వారి కొలతలనుబట్టి గాక వారి స్వభావమునుబట్టి గుర్తుపట్టునట్లు, విద్యార్థి స్వరమును దాని స్వభావమునుబట్టి గుర్తుపట్టవలెనని ఆయన ఉద్దేశము. 1870 ప్రాంతమున వీటికి చేతి సంజ్ఞలనుకూడ చేర్చెను. డోకు బిగించిన పిడికిలి, మీకి చదునుగా చాచిన అరచేయి, ఫాకు క్రిందికి చూపు వ్రేలు, టీకి పైకి చూపు వ్రేలు. ఇట్లు కన్ను, చేయి, కంఠము మూడును చెవికి తోడ్పడెను.

ఒక ఋణము, ఒక నొప్పి

ఈ జీవితములో మనము దాటిపోరాని సంగతి యొకటి కలదు. కర్వెన్ గ్లోవర్ సమ్మతిని ముందుగా పొందకయే ఆమె పద్ధతిని తనకు తోచినట్లు మార్చి ప్రచురించెను. ఆమె వాడిన పెద్ద అక్షరములకు బదులు చిన్న అక్షరములు పెట్టెను. లయను వ్రాయు విధమును మార్చెను. అనేక సంవత్సరములు బిడ్డవలె పెంచిన పద్ధతిని ఒక యౌవనస్థుడు, అందులోను వేరొక సంఘమునకు చెందినవాడు, మార్చి లోకమునకు చూపుట ఆమెకు నచ్చలేదు. 1867లో మరణించువరకు ఆమె తన లిపియే మేలైనదని నమ్మెను.

కర్వెన్ ఉద్దేశము స్వలాభము కాదు. బీదలకు త్వరగా అందవలెనను తొందరయే ఆయనను నడిపెను. అయినను మంచి పనికొరకైన తొందర ఇతరుల హక్కును అడుగకుండ దాటవచ్చునని చెప్పుటకు వీలులేదు. ఆయన చేసిన మంచి యేమనగా, ఆ ఋణమును దాచలేదు. తన పద్ధతికి మూలము గ్లోవర్ అని తన పుస్తకములలో ఒప్పుకొనెను. అందువలననే నేడు ఈ పద్ధతి చరిత్ర చెప్పువారందరు ఆమె పేరుతో ప్రారంభించుచున్నారు. ఒకరి ప్రయాసలో మరియొకరు ప్రవేశించునప్పుడు విత్తినవారిని మరువరాదని సంఘసేవకులకు ఇది మంచి హెచ్చరిక.

గనులలోనికి, మరమగ్గముల యొద్దకు

అయిదు గీతల స్వరలిపిని అచ్చువేయుటకు ప్రత్యేకమైన పనివారును, అధిక వ్యయమును కావలెను. సోల్ఫాకు సాధారణమైన అచ్చు అక్షరములే చాలును. అందుచేత పుస్తకముల వెల తగ్గెను. బొగ్గుగనులలో పనిచేయువారు, మరమగ్గముల కార్మికులు, ఇండ్లలో దాసీలుగా నున్న యువతులు సాయంకాల తరగతులలో చేరిరి. సండే స్కూళ్లును, మద్యపాన నిషేధ సంఘములును, పట్టణ సేవాసంఘములును ఈ తరగతులకు నీడనిచ్చెను. 1853లో టానిక్ సోల్ఫా సంఘము స్థాపింపబడెను. 1857లో లండనులోని క్రిస్టల్ పాలెస్‌లో సుమారు 3,000 మంది పిల్లలు ఈ పద్ధతి ననుసరించి పాడగా నగరమంతయు ఆశ్చర్యపడెను. 1863లో కర్వెన్ ప్లేస్టోలో స్వంత అచ్చుకూటము నెలకొల్పెను.

పని పెరిగినకొలది దేహము బలహీనమాయెను. ప్రసంగపీఠము, పాటల తరగతి రెండును ఒక మనుష్యుడు మోయలేని భారమాయెను. 1864లో ఆయన సంఘకాపరి పదవిని విడిచిపెట్టెను. దేవుని పిలుపును విడిచి పాటల వెంట పోయెనని తలంచినవారు ఉండవచ్చును. కాని సంఘము తన స్వంత నోటితో దేవుని స్తుతించునట్లు చేయుట తన సేవలో భాగమేయని ఆయన నమ్మెను.

విద్వాంసులలో అనేకులు ఈ పద్ధతిని చులకన చేసిరి. ఇది అక్షరములతో ఆటయనియు, నిజమైన సంగీతమునకు అడ్డుగోడయనియు చెప్పిరి. వారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. సోల్ఫా మాత్రమే నేర్చినవారికి వాద్యములకొరకు వ్రాసిన గొప్ప సంగీతము మూసిన పుస్తకముగానే యుండెను. మొదట కర్వెన్ దీనిని అయిదు గీతల లిపికి చేర్చు వంతెనగానే యెంచెను గాని, 1872లో తన క్రమపాఠములనుండి ఆ లిపిని పూర్తిగా తీసివేసెను. వంతెనమీదనే ఇల్లు కట్టుట మంచిదా అను ప్రశ్న ఆనాటినుండి నిలిచియున్నది. చెవి విషయములో మాత్రము విమర్శకులకు జవాబు దొరకెను. 1867లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన సందర్భమున జోసెఫ్ ప్రౌడ్‌మన్ నాయకత్వమున వెళ్లిన సోల్ఫా గాయకబృందము, అంతకుముందు ఎన్నడును చూడని పాటను చూచిన వెంటనే పాడి మెప్పు పొందెను.

కళాశాల, పరీక్ష

1869లో కర్వెన్ టానిక్ సోల్ఫా కళాశాలను స్థాపించెను. 1875లో అది చట్టప్రకారము నమోదు చేయబడెను. 1879లో దాని భవనము ఫారెస్ట్ గేట్‌లో తెరువబడెను. ఉపాధ్యాయులను తయారుచేయుట దాని ముఖ్యోద్దేశము.

ఇక్కడ ఆయన ఏర్పరచిన పరీక్షల విధానము గమనింపదగినది. గుంపులో పాడునప్పుడు ప్రక్కవాని కంఠము వెనుక దాగుకొనుట సులభము. పదిమందిలో ఇద్దరికి తెలిసినను పాట సాగిపోవును. అందుచేత ప్రతి విద్యార్థి ఒంటరిగా నిలిచి పరీక్ష ఇయ్యవలెనని ఆయన పట్టుబట్టెను. చూచి పాడుట ఒక భాగము, లయ ఒక భాగము, ఉపాధ్యాయుడు పాడిన స్వరములను విని వాటి పేర్లు చెప్పుట మరియొక భాగము. ఈ మూడవది చెవికే పరీక్ష. ప్రారంభ, మధ్యమ, ఉన్నత తరగతులకు యోగ్యతాపత్రములు ఇయ్యబడెను. భయపెట్టుటకు గాక, తనకు వచ్చినది ఎంతో తనకే తెలియుటకై ఆ పరీక్ష.

1880 ఆరంభములో ఆయన భార్య మేరీ మరణించెను. అదే సంవత్సరము మే 26వ తేదీన మాంచెస్టరు సమీపమందలి హీటన్ మెర్సీలో కర్వెన్ తన అరువది నాలుగవ యేట నిద్రించెను. ఇల్ఫర్డ్ శ్మశానవాటికలో ఆయన దేహము సమాధి చేయబడెను. కుమారుడు జాన్ స్పెన్సర్ కర్వెన్ తండ్రి పనిని కొనసాగించెను.

దేశదేశములలో

ఇంగ్లండు బడులనుండియు, వేల్స్ దేశపు ప్రార్థనాలయములనుండియు ఈ పద్ధతి మిషనెరీల సంచులలో సముద్రములు దాటెను. మడగాస్కర్‌లోను, పసిఫిక్ ద్వీపములలోను సంఘములు దీనిద్వారా నాలుగు గొంతుకల పాట నేర్చుకొనెను. దక్షిణాఫ్రికాలో ఈనోక్ సోంటోంగా అను ఉపాధ్యాయుడు 1897లో తాను కూర్చిన ప్రార్థనాగీతమును సోల్ఫా అక్షరములలోనే వ్రాసికొనెను. ఆ గీతములోని భాగము 1997 నుండి ఆ దేశపు జాతీయగీతములో చేరియున్నది. మన దేశములో వేల్స్ మిషనెరీలు దీనిని ఖాసీ కొండలకును, మిజో కొండలకును తెచ్చిరి. మిజో సంఘములలో కీర్తనలు సోల్ఫా గుర్తులతో అచ్చగుచు, సామాన్య విశ్వాసులు సహితము వాటిని చూచి పాడుట నేటికిని కలదు.

ఇరువదియవ శతాబ్దమున హంగేరీ దేశపు సంగీతకర్త జోల్తాన్ కోదాయ్ ఇంగ్లండులో ఈ పద్ధతిని చూచి, కదలు డోను, చేతి సంజ్ఞలను తన దేశపు బడులకు తీసికొనిపోయెను. 1967లో ఆయన మరణించునాటికి ఆ పద్ధతి అనేక దేశములకు వ్యాపించియుండెను. నేడు సంగీత కళాశాలలో శ్రవణశిక్షణ తరగతికి వెళ్లిన విద్యార్థిని మొదట ఆధారస్వరమును పాడుమని అడుగుదురు. పిమ్మట వినిపించిన స్వరము ఆ ఆధారమునకు ఏమగునో చెప్పుమందురు. విన్న రాగమును వ్రాయుమందురు. ఫ్రాన్సు మొదలగు దేశములలో డోను స్థిరముగా నుంచు సంప్రదాయమే యున్నను, ఆధారమును పట్టుకొని సంబంధమును వినుట అను అభ్యాసము బహు కళాశాలలలో నిలిచియున్నది. ఆ తరగతిలో వెనుకబడి, తనకు చెవి లేదని నిరాశపడు విద్యార్థి, ఈ విద్యను ప్రచారము చేసినవాడే ఒకప్పుడు అట్టి స్థితిలో నుండెనని తెలిసికొనుట మేలు.

మనకు నేర్పునది

ప్రియ చదువరీ, కర్వెన్ జీవితము మనకు రెండు సంగతులను నేర్పుచున్నది. మొదటిది, లేమిని చూచి కూర్చుండక దానినే పరిశోధనాస్థలముగా చేసికొనుట. పుట్టుకతో పాట వచ్చినవాడు బహుశః ఈ పద్ధతిని వెదకియుండడు, ఏలయనగా అతనికి అక్కర యుండదు. తనకు ఎచ్చట అడ్డుపడెనో ఎరిగినవాడే ఇతరులకొరకు ఆ చోట మెట్టు కట్టెను. మన సంఘములలో పాట నడిపించు యౌవనస్థులు, సంగీతము చదువు విద్యార్థులు, చెవి లేదనుకొను సహోదరుని దాపున కూర్చుండి, దినమునకు అయిదు నిమిషములు ఆధారస్వరమును, దానితో రెండు స్వరములను మాత్రమే ఓర్పుతో పాడించి చూడవలెను. త్వరపడి నాలుగవ స్వరమునకు పోరాదు. నవ్వరాదు. చెవి లేదనువారిలో అనేకులు ఇట్లు పాటలో పాలుపొందుదురు.

రెండవది, ఏ స్వరమైనను ఆధారముతో దానికిగల సంబంధమునుబట్టియే తెలియును. ఆధారస్వరమును మనస్సులో నిలుపుకొనినవాడు పాట ఎంత దూరము తిరిగినను తాను ఎచ్చట నున్నాడో ఎరుగును. దానిని పోగొట్టుకొనినవాడు మంచి కంఠముగలవాడైనను దారి తప్పును. విశ్వాసజీవితము అట్టిదే. విశ్వాసము వినుటవలన కలుగునని అపొస్తలుడు బోధించెను. ఆ వినుట ఒక్క దినముతో ముగియదు. నిశ్శబ్దముగా కూర్చుండి, ఆధారమైనవానిని మరల మరల విని, ప్రతి శబ్దమును ఆయనతో సరిచూచుకొనుట దినదినము చేయవలసిన అభ్యాసము. క్రొత్త సంవత్సరములో మన కంఠములతోపాటు మన చెవులను కూడ ఆయనకు అప్పగించుదము.